మంగళగిరిలో రెండు రాత్రులు, ఇద్దరమే. పరుగులు లేకుండా కుదురుతుందా?

నాచారంవాసి:

నమస్తే అండి. సంక్రాంతి సెలవుల చివర్లో పిల్లలిద్దర్నీ ఖమ్మంలో మా అత్తగారి దగ్గర వదిలి, నేనూ మా ఆవిడా ఎక్కడైనా రెండు రాత్రులు ఉండి వద్దామనుకుంటున్నాం. మాకు పెళ్ళై పదకొండేళ్ళు. కొత్తలో ఊటీ వెళ్ళాం. ఆ తర్వాత వెళ్ళినవన్నీ టూర్లే. తెల్లవారకముందే లేవడం, టెంపో ట్రావెలర్ ఎక్కడం, ఆరు చోట్ల దిగి ఫొటోలు తీసుకోవడం, ఏడో చోట మా చిన్నవాడు వాంతి చేసుకోవడం. ఈసారి మా ఆవిడ పెట్టిన షరతు ఒకటే: "అలారం పెట్టకూడదు."

రిసార్టులు మాకు పడవు. స్విమ్మింగ్ పూల్ పక్కన కూర్చుని ఫోన్ చూసుకోవడానికి అంత డబ్బు పొయ్యడం ఎందుకనిపిస్తుంది. తనకి చేనేత ఇష్టం, నాకు పాత కట్టడాలు ఇష్టం, తిండి ఇద్దరికీ ఇష్టం. పోచంపల్లి అనుకున్నాం గానీ అది మాకు మరీ దగ్గర, సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. ఇక ఆ రాత్రి కుక్కర్ ఎవరు పెట్టాలన్న గొడవ మామూలే. మా ఆఫీసులో ఒకాయన మంగళగిరి వెళ్ళమన్నాడు. అటు విజయవాడ, ఇటు గుంటూరు, మధ్యలో చీరలు, గుడి, పక్కనే ఉండవల్లి గుహలు, ఇంకేం కావాలి అన్నాడు.

అది రెండు రాత్రులు ఉండేంత ఊరేనా? బస అక్కడే చూసుకోవాలా, విజయవాడలోనా? కారు తేవాలా? (ఎక్కువసేపు నడిపితే నాకు నడుం పట్టేస్తుంది, రైల్లో రావాలనే ఉంది.) భోజనం ఎక్కడ? తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ బుల్లోడు:

మంగళగిరిలో రెండు రోజులా! ఏం చేస్తారండీ బాబూ? కొండెక్కి పానకం తాగి దిగితే పూటలో పని అయిపోతుంది. విజయవాడలో రూమ్ తీసుకోండి. మొదటి రోజు పొద్దున కనకదుర్గమ్మ, తర్వాత మంగళగిరి, మధ్యాహ్నం ఉండవల్లి, సాయంత్రం భవానీ ద్వీపం. రెండో రోజు కొండపల్లి కోట, బొమ్మలు, అట్నుంచి అమరావతి, ధ్యానబుద్ధుడు, మ్యూజియం. కారు ఉంటే హాయిగా అన్నీ కవర్ అయిపోతాయి. టిఫినుకి గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్, వెన్న వేసిన ఇడ్లీ తినకుండా వెళ్ళొద్దు.

పడుగుపేక:

బుల్లోడు గారూ, మీరు చెప్పినవన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ ఆయన అడిగింది అలారం లేని రెండు రోజులు. మీ జాబితాకి అలారం ఒకటి కాదు, నాలుగు కావాలి.

నాచారంవాసి గారూ, నేను మంగళగిరిలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. మా నాన్న నేసేవారు, అమ్మ నూలు కండెలు చుట్టేది. నేను మాత్రం గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఉద్యోగరీత్యా కొన్నాళ్ళు బయట ఉన్నా, ఇల్లు ఇక్కడే. కాబట్టి నా మాటలో కాస్త ఊరి పక్షపాతం ఉంటుంది, అది తీసేసుకుని చదవండి.

బస మంగళగిరిలోనే పెట్టుకోండి. ఎందుకంటే ఈ ఊళ్ళో చూడాల్సిన ప్రతిదానికీ ఒక వేళ ఉంది, ఆ వేళకి మీరు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి. కొండ మీద పానకాల స్వామి మధ్యాహ్నం మూడు దాటాక దర్శనమివ్వడు. రాత్రిళ్ళు దేవతలు వచ్చి అర్చిస్తారని నమ్మకం, అందుకని మనుషుల వంతు పగటితో సరి. మగ్గాలు వెలుతురు ఉన్నంతసేపే బాగా ఆడతాయి. గాలిగోపురం సాయంత్రం ఎండలో చూడాలి. ఇవన్నీ విజయవాడ నుంచి వచ్చి పోతూ చూస్తే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వారధి మీద లారీల వెనక నిలబడటమే మీ టూరు.

కారు వద్దు. రైల్లో విజయవాడ వచ్చి దిగండి. బస్టాండు నుంచి గుంటూరు వైపు బస్సులు వస్తూనే ఉంటాయి. ఎక్కేముందు మంగళగిరిలో ఆగుతుందా అని కండక్టర్ని అడగండి. నాన్‌స్టాప్ ఎక్కితే తిన్నగా గుంటూరులోనే దిగాలి. పదమూడు కిలోమీటర్లే కాబట్టి ఆటో మాట్లాడుకున్నా నష్టం లేదు. విజయవాడ, గుంటూరు మధ్య నడిచే రైళ్ళలో కొన్ని మంగళగిరి స్టేషన్లో ఆగుతాయి, వేళ కుదిరితే అది ఇంకా సుఖం. ఊళ్ళోకి వచ్చాక మీకు కావాల్సినవి కాళ్ళు, ఆటో, అంతే.

మొదటి రోజు చేరగానే ఎక్కడికీ పరిగెత్తొద్దు. స్నానం చేసి, తిని, పడుకోండి. ఇది ఊరికే అనడం లేదు. గుంటూరు జిల్లా భోజనం తిన్నాక నిద్ర రాకపోతే ఏదో తేడా ఉన్నట్టే. మెస్సులో ఆకు ముందు కూర్చోగానే కందిపొడి, నెయ్యి వస్తాయి. అక్కడే సగం కడుపు నింపేసుకోకండి, కొత్తగా వచ్చినవాళ్ళంతా చేసే పని అదే. ఆ తర్వాత పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు కూర, గోంగూర పచ్చడి, చారు, గడ్డపెరుగు. జనవరిలో వస్తున్నారు కాబట్టి చిక్కుడుకాయ, లేత వంకాయ బాగుంటాయి. గోంగూరలో పచ్చి ఉల్లిపాయ ముక్క నంజుకోండి. పండుమిరపకాయల పచ్చడి కొత్తగా పట్టే రోజులు కూడా దగ్గరపడతాయి, దొరికితే వేలి కొసతో మొదలుపెట్టండి, గరిటెతో కాదు.

మెస్సు పేరు చెప్పను. వంటమనిషి మారితే రుచి మారిపోతుంది, రేపు మీరొచ్చి నన్ను తిట్టుకుంటారు. గుడి వీధుల్లో బట్టల షాపువాళ్ళు మధ్యాహ్నం ఎక్కడ తింటున్నారో అడగండి. రోజూ తినేవాడికి తెలిసినంతగా ఫోన్లో నక్షత్రాలు ఇచ్చేవాడికి తెలియదు.

లేచాక నాలుగు, నాలుగున్నరకి కింద గుడికి నడవండి. లక్ష్మీనరసింహస్వామి గుడి అది. ఇక్కడ నరసింహస్వాములు ముగ్గురు: కొండ కింద లక్ష్మీనరసింహుడు, కొండ మధ్యలో పానకాల స్వామి, కొండ కొసన గండాల స్వామి. మీకు పాత కట్టడాలు ఇష్టమన్నారు కాబట్టి గోపురం దగ్గర ఆగి చూడండి. 1807-09లో అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టించారు. పదకొండు అంతస్తులు, ఎత్తు 153 అడుగులు, వెడల్పు 49 అడుగులే. అంత సన్నగా అంత ఎత్తుకు లేపడమే అందులో గొప్ప. కట్టాక ఒక పక్కకు ఒరిగిందని, ఎదురుగా కోనేరు తవ్వితే మళ్ళీ నిటారుగా అయిందని మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పేవారు. ఇంజినీరింగ్ చదివిన మా అన్నయ్య కొడుకు ఈ కథ విన్నప్పుడల్లా తల పట్టుకుంటాడు. కథని కథగానే వినమంటాను.

శాసనాల మీద ఆసక్తి ఉంటే ఇంకో సంగతి. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1515లో, తిమ్మరుసు కొండవీడు కోట గెలిచిన విషయం మంగళగిరి శాసనంలో ఉంది. కొండవీడు ఇక్కడికి దూరం కాదు గానీ ఈసారి వద్దు. బుల్లోడు గారి జాబితాలోకి జారిపోతాం.

గుడి చుట్టూ వీధుల్లో ఒక రౌండ్ వెయ్యండి. సాయంత్రం బండ్ల మీద పునుగులు, మిరపకాయ బజ్జీలు వేస్తారు. పునుగులకి అల్లం పచ్చడి ఉంటేనే తీసుకోండి. బజ్జీ చీల్చి ఉల్లిపాయ, నిమ్మరసం పెట్టి ఇమ్మంటే ఇస్తారు. రాత్రికి మళ్ళీ భోజనం అనకండి, ఇడ్లీనో అట్టో చాలు.

రెండో రోజు పొద్దున కొండ. అలారం లేకుండా ఎంతకి మెలకువ వస్తే అంతకి వెళ్ళండి, మధ్యాహ్నం లోపు చాలు. కొండ ఏనుగు పడుకున్న ఆకారంలో ఉంటుంది, దూరం నుంచి చూస్తేనే తెలుస్తుంది. 1890లో చన్నాప్రగడ బలరామదాసు గారు కట్టించిన మెట్ల దారి ఉంది, వాహనాలు వెళ్ళే ఘాట్ రోడ్డూ ఉంది. మెట్ల దారిలో రాయల శాసనం, చైతన్య మహాప్రభువు పాదాలు కనిపిస్తాయి. ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు ఆటో అని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే ఎక్కేటప్పుడు ఆటో, దిగేటప్పుడు మెట్లు. ఊరంతా కిందికి పరుచుకుని ఉంటుంది, మాట్లాడుకుంటూ దిగవచ్చు. ఎక్కేటప్పుడు ఆయాసంతో మాట్లాడుకోలేరు కదా!

పానకం సంగతి వినే ఉంటారు. స్వామికి ఇక్కడ నోరే ప్రధానం, తెరిచిన నోరు. బెల్లం, మిరియాలు, ఏలకులు కలిపిన పానకాన్ని అర్చకులు శంఖంతో ఆ నోట్లో పోస్తారు. గుటక వేసినట్టు చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగుతుంది, ఇక పోస్తే బయటికే వస్తుంది. సగం స్వామికి, సగం మనకి. ఇంత బెల్లం నీళ్ళు ఒలికే చోట చీమ కనపడదు. ఒకప్పుడు అగ్నిపర్వతమని, గంధకం ఉందని, దాన్ని చల్లార్చడానికే బెల్లం నీళ్ళు పోసే ఆచారం వచ్చిందని కొందరంటారు. నేను రెండు మాటలూ వింటాను, పానకం తాగుతాను. జనం తక్కువ ఉన్న రోజు గుటక చప్పుడు బాగా వినిపిస్తుంది, హడావుడిగా ఉంటే తోపులాటే. కోతులున్నాయి. చేతిలో కవరు, కొబ్బరి చిప్ప, కళ్ళజోడు జాగ్రత్త.

ఇక మగ్గాలు. ఇక్కడే మీ ఆవిడ గారికి ఎక్కువసేపు కావాలి, మీరు గడియారం చూడకూడదు.

షాపులు రోడ్డు పక్కన వరసగా ఉంటాయి. వాటికంటే ముందు ఒక మగ్గం చూడండి. అడిగితే షాపువాళ్ళే తమకు నేసే ఇళ్ళకి తీసుకెళ్తారు. మా ఊళ్ళో గుంట మగ్గం. నేలలో తీసిన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు, తొక్కుడు చెక్కలు అందులోనే ఉంటాయి. ముందు పడుగు, అంటే నిలువు దారాలు, సాగదీసి ఉంటుంది, నాడె అటూ ఇటూ పరిగెడుతూ పేక, అంటే అడ్డదారం, వేస్తుంది. ఇంట్లో ఇంకో మూల ఎవరో రాట్నం మీద కండెలు చుడుతుంటారు, దండెం మీద రంగు వేసిన నూలు చిలపలు ఆరుతుంటాయి. నేత అంటే ఒక్క మనిషి పని కాదు, ఇంటిల్లిపాదీ పని, ఇది చూస్తే గానీ తెలియదు. చీర మీద పేరు మాత్రం ఎవరిదీ ఉండదు.

మంగళగిరి చీరకి ఒంటి మీద పువ్వులూ బుటాలూ ఉండవు. సాదా ఒళ్ళు, ఒత్తుగా నేత, జరీ అంచు, అదే దాని అందం. నిజాం అంచు అంటే అంచు మీద వరసగా చిన్న చిన్న గోపురాల్లా ఉంటుంది. ఈమధ్య డిజైన్లు నేసే జాకార్డు పెట్టి ఒళ్ళంతా బుటాలు వేస్తున్నారు, సగం పట్టు కలుపుతున్నారు. అమ్ముడుపోతున్నాయి కాబట్టి వేస్తున్నారు, నేతగాళ్ళని తప్పుపట్టను. నా బీరువాలో మాత్రం అవి లేవు. మంగళగిరి నేతకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. అయినా ఆ పేరుతో మరమగ్గం సరుకు బాగానే తిరుగుతుంది. చేత్తో నేసిన బట్టకి అంచు వెంట సన్నటి చిల్లులు కనిపిస్తాయి. నేసేటప్పుడు వెడల్పు కుంచించుకుపోకుండా పుల్ల గుచ్చి సాగదీస్తారు, దాని గుర్తులు అవి. చీర తిరగేసి వెలుతురుకి పట్టి చూస్తే తెలుస్తుంది. షాపులో ఇలా చూశారంటే అమ్మేవాడు కూడా మాట మారుస్తాడు.

రెండు విన్నపాలు. ఇంట్లోకి వెళ్ళాక అడక్కుండా ఫొటోలు తియ్యకండి, ముఖ్యంగా పని చేస్తున్న ఆడవాళ్ళని. మగ్గం మీద ఉన్న మనిషితో బేరం ఆడకండి. బేరం చెయ్యాలంటే షాపులో చెయ్యండి, అక్కడ అందుకు తగ్గ ధర ముందే వేసి ఉంచుతారు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ భోజనం, మళ్ళీ నిద్ర. మూడున్నర దాటాక ఆటోలో ఉండవల్లి వెళ్ళండి, అరగంట లోపే. విష్ణుకుండినుల కాలం నాటి గుహలు, కొండనే తొలిచి నాలుగు అంతస్తులు చేశారు. పైన శేషశయ్య మీద అనంతపద్మనాభుడు, ఒకే రాతిలో, ఒక్క చూపులో పట్టనంత పొడుగు. గుహ ముందు వసారా మీద రాతి ఋషులు కూర్చుని ఉంటారు, పక్కన సింహాలు. మీరూ వాళ్ళ పక్కన కూర్చోండి. ఎదురుగా కృష్ణ ఒడ్డున జరీబు (ఏటిపక్క సారవంతమైన) పొలాలు, అరటి, కూరగాయలు, పూలతోటలు. రాజధాని రోడ్లు, బిల్డింగులు వస్తున్నాయి గానీ ఆ వైపు ఇంకా పచ్చగానే ఉంది. కింది అంతస్తులో పని సగంలో వదిలేసిన స్తంభాలున్నాయి. నాకు పూర్తయిన విగ్రహం కంటే అవే ఎక్కువ ఇష్టం. ఉలి ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది.

ప్రకాశం బ్యారేజీ చూడాలనుకుంటే ఉండవల్లి నుంచి దగ్గరే, వచ్చేటప్పుడు చూసుకోండి. 1957లో కట్టింది. సాయంత్రం గాలి బాగుంటుంది, ట్రాఫిక్ బాగుండదు.

మూడో రోజు పొద్దున ఏమీ పెట్టుకోకండి. రెండు రోజులుగా మీరు తిన్న అట్టుబండ్లలో ఏది బాగుందో అప్పటికి తెలిసిపోతుంది, అక్కడికే మళ్ళీ వెళ్ళండి.

అరండల్‌పేట అబ్బాయి:

మేడమ్ బాగా చెప్పారు, కానీ గుంటూరు పేరు ఎత్తకుండా తిండి గురించి మాట్లాడటం అన్యాయం. మంగళగిరి నుంచి బస్సులో ముప్పావుగంట. పొద్దున టిఫినుకి మా ఊరు రండి, మధ్యాహ్నానికి వెనక్కి వెళ్ళిపోవచ్చు. బ్రాడీపేట, అరండల్‌పేట అడ్డరోడ్లన్నీ నంబర్ల మీద ఉంటాయి, ఎవరూ తప్పిపోరు. మాల్‌పూరీ తినండి. ఉత్తరాదివాళ్ళ మాల్‌పువా అనుకుని తినకండి, ఇది వేరే.

ఇంకొకటి, బెల్లం జిలేబీ. దానికి తెనాలి వెళ్ళాలి. ముదురు గోధుమ రంగులో, కాస్త పుల్లగా, కాస్త జిగటగా ఉంటుంది. పంచదార జిలేబీ అలవాటైన వాళ్ళకి మొదటి ముక్క అర్థం కాదు, రెండోది అడిగి తింటారు. దుగ్గిరాల మీదుగా ఆటోలో పోవచ్చు. దారిలో పసుపు యార్డు కూడా ఉంది.

మిర్చి యార్డు చూస్తాం అనేవాళ్ళకి హెచ్చరిక: సీజన్లో గేటు దగ్గరే దగ్గు మొదలవుతుంది. ఎర్రటి రాశుల మీద ఫొటోలు బాగుంటాయి గానీ మీ ఆవిడ గారు తర్వాత రెండు గంటలు మాట్లాడరు. మాట్లాడలేరు.

పడుగుపేక:

తెనాలి వద్దు బాబూ, ఈ వేగంలో అది ఎక్కువ. జిలేబీ ఎవరి చేతనైనా తెప్పించుకోవచ్చు. గుంటూరు టిఫిను మాత్రం మూడో రోజు పొద్దున సరదాగా వెళ్ళొచ్చు, ఒప్పుకుంటున్నాను.

రాత్రి డ్యూటీ:

నేను ఇక్కడ ఎయిమ్స్‌లో పని చేస్తాను, సొంతూరు శ్రీకాకుళం. ఒక్క మాట చెప్పాలని. రూములు ముందే బుక్ చేసుకోండి. ఊరు చిన్నదే అయినా పేషెంట్ల వెంట వచ్చేవాళ్ళు, పెళ్ళిళ్ళ వాళ్ళు, రాజధాని పనుల మీద వచ్చేవాళ్ళు, అందరికీ ఇవే హోటళ్ళు. హైవే వైపు గది ఇస్తే రాత్రంతా లారీల హారన్లే. "వెనక వైపు గది కావాలి" అని ఫోన్లో చెప్పి, చేరాక మళ్ళీ గుర్తు చెయ్యండి. నాలుగు గంటలు పగటి నిద్ర కోసం గదులు మారుతూ తిరిగినవాణ్ణి, నమ్మండి. మెస్సుల విషయంలో మేడమ్ చెప్పిందే నిజం. మా హాస్టల్లో వాళ్ళం బట్టల షాపు కుర్రాళ్ళ వెంటే వెళ్తాం.

నాచారంవాసి:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ఇక్కడి నుంచి మా ఆవిడ టైప్ చేస్తుందట, ఫోన్ లాక్కుంది.

పిన్నిగారూ నమస్కారమండి. నేను వాళ్ళావిడని. మీరు రాసింది మొత్తం చదివి వినిపించారు, చీరల భాగం నేనే రెండోసారి చదువుకున్నాను. మూడు సందేహాలు. ఒకటి, నాకు కడుపులో మంట, కారం పడదు. గుంటూరు జిల్లాలో రెండు రోజులు ఎలా బతకాలి? రెండు, మోకాళ్ళు అంత బాగాలేవు, దిగేటప్పుడు మెట్లంటే ఇంకా భయం. మూడు, ఈయన "ఒక్క చీర కొను చాలు" అంటున్నారు. మా అమ్మకి, అత్తగారికి, నాకు కనీసం మూడు కావాలి. రంగు దిగకుండా ఎలా చూసుకోవాలి? ఇంకోటి, తిరునాళ్ళ టైములో వస్తే ఇంకా బాగుంటుందా, లేక జనవరే మంచిదా?

పడుగుపేక:

అమ్మా, కారం గురించి భయపడకు. మెస్సులో "కారం తగ్గించండి" అంటే ఎవరూ తగ్గించరు, వండింది వండినట్టే వస్తుంది. కాబట్టి అడగడం మానేసి ఏరుకో. కందిపొడిలో కారం తగులుతుంది, అది వదిలెయ్. పప్పు, నెయ్యి, బెండకాయో దొండకాయో వేపుడు, పెరుగు. మీ ఆయన విస్తట్లో గోంగూర చూసి మనసు లాగితే చివర్లో పెరుగన్నంలో రవ్వంత కలుపుకో. పొద్దున ఇడ్లీ మీద కారప్పొడి వద్దని ముందే చెప్పు, లేకపోతే చల్లి తెస్తారు. గుళ్ళో దద్ధోజనం ప్రసాదం దొరికితే అదే నీకు అసలైన భోజనం. పానకంలో మిరియం ఉంటుంది గానీ గుక్కెడు తాగితే ఏమీ కాదు.

మోకాళ్ళ సంగతి ముందే చెప్పి ఉంటే మెట్ల మాట ఎత్తేదాన్ని కాదు. ఎక్కడం, దిగడం రెండూ ఆటోలోనే. ఆటో అబ్బాయిని కాసేపు ఆగమని ముందే మాట్లాడుకోండి, పైనుంచి మళ్ళీ దొరకడం కష్టం. గండాల స్వామి దాకా ఎక్కొద్దు. అక్కడ విగ్రహం ఉండదు, గండాలు గట్టెక్కాలని దీపం వెలిగిస్తారు. మీ ఆయన ఒక్కడే వెళ్ళి వెలిగించి వస్తాడు, ఇద్దరి పేరు మీదా. ఉండవల్లిలో పై అంతస్తు దాకా మెట్లున్నాయి, నెమ్మదిగా ఆగి ఆగి ఎక్కు. ఎవరూ తొందరపెట్టరు.

చీరలు మూడు ఎక్కువేం కాదు, మీ ఆయనకి నేను చెప్పానని చెప్పు. మీ అమ్మగారికి, అత్తగారికి నూలువే తీసుకో, సన్న నిజాం అంచు. ఇద్దరికీ ఒకే ధర, వేరే వేరే రంగు. ఇది అనుభవం మీద చెప్తున్నాను. నీకు మాత్రం కట్టి చూశాకే తీసుకో. కొత్త మంగళగిరి చీర గంజి బిగుతుతో నిలబడి ఉంటుంది, నాలుగు ఉతుకులయ్యాక మెత్తబడి ఒంటిని పట్టుకుంటుంది. షాపులో బిగుతు చూసి "గరుగ్గా ఉంది" అని వదిలేసేవాళ్ళు చాలామంది. మొదటిసారి విడిగా, ఉప్పు వేసిన చల్లటి నీళ్ళలో ముంచి తీసి, నీడలో ఆరెయ్. వాషింగ్ మెషీన్లో వెయ్యొద్దు. జరీ వైపు లోపలికి మడిచి, అప్పుడప్పుడు మడత మార్చి పెట్టుకో. చీర ఒద్దనుకుంటే అదే నేత డ్రెస్ బట్ట మీటర్ల లెక్కన దొరుకుతుంది, మీ ఆయనకి చొక్కా కుట్టించు. అప్పుడు లెక్క ఎన్ని చీరలో ఆయన మర్చిపోతాడు.

తిరునాళ్ళు ఫాల్గుణ పౌర్ణమికి. రథం, జనం, దుకాణాలు, ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. మాకు ఏడాదికి అదే పెద్ద పండుగ, మా ఇంట్లో ఆ రోజు చుట్టాలకి వండి వండి చేతులు పడిపోతాయి. చూడాల్సిందే, కానీ పిల్లల్ని కూడా తీసుకుని ఇంకోసారి రండి. ఇద్దరే ప్రశాంతంగా ఉండాలనుకునేవాళ్ళకి ఆ రోజు కాదు. ముక్కోటికీ అంతే, దక్షిణావృత శంఖంతో ఇచ్చే తీర్థం కోసం తెల్లవారకముందే క్యూ కడతారు. ఎండాకాలం అసలు అనుకోవద్దు, కొండ రాయి కాలిపోతుంటుంది. జనవరే మీకు సరిగ్గా సరిపోతుంది.

మీరు వచ్చేది శుక్రవారమైతే ఒక చిన్న మార్పు. శని, ఆదివారాలు కొండ మీద జనం ఎక్కువ. చేరేసరికి పదకొండు లోపు అయితే, ఓపిక ఉంటే, శుక్రవారమే కొండకి వెళ్ళొచ్చేసి తర్వాత భోజనం, నిద్ర. మగ్గాలు శనివారం పొద్దున చూసుకోవచ్చు.

నాచారంవాసి:

శుక్రవారం పొద్దున విజయవాడలో దిగేలా టికెట్లు చేశాను అమ్మా. వెనక వైపు గది కూడా చెప్పాను. చొక్కా బట్ట ఎన్ని మీటర్లు తీసుకోవాలి? నాది నలభై రెండు సైజు, నిండు చేతులు.

పడుగుపేక:

బట్ట వెడల్పుని బట్టి ఉంటుంది, అక్కడ సైజు చెప్తే వాళ్ళే కోస్తారు. ఓ పావు మీటరు ఎక్కువ తీసుకో బాబూ, నూలు బట్ట మొదటి ఉతుక్కి కాస్త ముడుచుకుంటుంది. కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయించు.